గట్టు చెప్పే మనిషి

పొలం గట్టున పాతిన బోర్డు వంకరగా కనబడితే నేను ఊరుకోలేను. జీపు ఆపించి దిగి, దాన్ని నిటారుగా నిలబెట్టి, మొదట్లో మన్ను కాలితో అదిమితే గాని కదలను. నా కింద పనిచేసే కుర్రాళ్ళు నాకు చాదస్తమని పేరు పెట్టారు. వెనకాల నవ్వుకుంటారని కూడా తెలుసు. నవ్వుకోనీండి. అసలు సంగతి తెలిస్తే నవ్వరు, మొహం పక్కకు తిప్పుకుంటారు.

పోయిన నెల ప్రొద్దుటూరులో పత్తి మండీ దగ్గర నిలబడి టీ తాగుతుంటే, తలపాగా చుట్టుకున్న ముసలి రైతొకడు వచ్చి నా మొహంలోకి చూశాడు. గుర్తు పట్టావా సారూ అన్నాడు. పట్టలేదు, పట్టినట్టు తలూపాను. జమ్మలమడుగు పోయే దావలో తమ ఊళ్ళో నేను జొన్న వేయించిన సంగతి ఎత్తి, తర్వాత మామూలుగా చెప్పాడు.

"మీ చేను జేసిన పెద్దాయన పోయినాడు సారూ. మన్ను చేసి ఎనిమిది దినాలాయ."

నా గ్లాసులో టీ ఇంకా సగముంది. తాగేశాను. అంతటి మాట విని కూడా టీ పారబోయని మనిషిని నేను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ ఊరివాళ్ళకు పేరు చెప్పక్కర్లేదు, నాలుగు ముక్కలు చదివితే ఎవరో తెలిసిపోతుంది. తక్కినవాళ్ళకు పేరుతో పనిలేదు. నా సంగతి చెప్పడం ముఖ్యం గనక చెబుతున్నాను.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు మారిన కొత్త రోజులవి. నేను కాలవ కింద పుట్టినవాణ్ణి. నీళ్ళంటే తూము ఎత్తితే వచ్చేవని తప్ప, ఆకాశాన్ని అడుక్కుంటే వచ్చేవని ఎరగను. వ్యవసాయం చదివి, సర్టిఫికెట్టు పుచ్చుకుని, జమ్మలమడుగు ప్రాంతానికి డిమాన్‌స్ట్రేటరుగా వచ్చాను. పోస్టు తాత్కాలికం. ఒక్క ప్రదర్శన చేను బాగా పండించి పై అధికారికి చూపిస్తే ఖాయం చేస్తారు, లేకపోతే ఇంటికి పంపుతారు. నాకు ముందు వచ్చినవాణ్ణి అలాగే పంపేశారు. అప్పటికి నాకు పెళ్ళయి ఆరు నెలలు.

ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా ఆయన చేనే చూపించారు. వెళ్ళేసరికి గట్టు మీద చెప్పులున్నాయి, మనిషి చేలో ఉన్నాడు. నన్ను కింది నుంచి పైదాకా చూసి "యాడిదప్పా మీది?" అన్నాడు. మావైపు కొత్తమనిషిని అలా పలకరించరు. నా చెవులు ఎర్రబడ్డాయి. బూట్లతో చేలోకి దిగబోతే ఆపాడు. మట్టి మీద భక్తి కాబోలనుకుని ఆ మాటే అడిగాను.

"దేవుడూ గీవుడూ కాదులేప్పా. తడి యాడుందో అరికాలికి తెలుస్తాది. నీ బూటుకేం తెలుస్తాది?"

అదీ మా పరిచయం. నా పథకం, అది పండకపోతే నా ఉద్యోగం పోతుందన్న సంగతి విని ఒప్పుకున్నాడు. దావ పక్కన తన నల్లరేగడిలో పక్కపక్కనే రెండెకరాలు. దావలో నిలబడి చూస్తే కుడిచేతి వైపుది మా శాఖ చెప్పినట్టు, ఎడమచేతి వైపుది ఆయన ఎప్పుడూ చేసేటట్టు. రెండింట్లోనూ జొన్నే. రెండింట్లోనూ చాకిరీ ఆయనదే.

ఆ ఏడాది ఎండాకాలమే పని మొదలుపెట్టాడు. పులివెందుల కొండల వైపు నుంచి గొర్రెల మందలు దిగుతుంటే కాపరులను పిలిచి, వాళ్ళకు కూడు పెట్టి, ఎరువు కోసం మందను ఎడమ చేలో నిలిపించుకున్నాడు. ఒకచోట రెండు పూటలు ఉండనిచ్చేవాడు కాదు, చేనంతా జరిపించేవాడు. గొర్రె తొక్కిన మన్నును చేతిలోకి తీసుకుని నలిపి, వాసన చూసి, నా ముక్కు దగ్గర కూడా పెట్టేవాడు. నాకు గొర్రె వాసన తప్ప ఏమీ తెలిసేది కాదు. అయినా అవునవును అనేవాణ్ణి.

విత్తే రోజు నేను కుడి చేలో శాఖవారి మేలురకం గింజలు దగ్గర దగ్గరగా పోయించి, అమ్మోనియం సల్ఫేటు చల్లించాను. ఆ ఊళ్ళో దాన్ని సీమ ఎరువు అనేవాళ్ళు. ఎడమ చేలో ఆయన సాళ్ళు ఎడంగా తోలి, ఎనిమిది సాళ్ళ జొన్నకు ఒక సాలు కుసుమ వేశాడు. నేను చల్లిస్తుంటే గట్టు మీద గొంతుక్కూర్చుని చూసి ఒక మాట అడిగాడు.

"పైరుకు పెడ్తాండావు, బాగనే ఉంది. మన్నుకేం పెడ్తాండావప్పా?"

నత్రజని గురించి అరగంట చెప్పాను. కాలేజీలో పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆయన మధ్యలో కదలకుండా, మర్యాదగా అంతా విన్నాడు. విని, మళ్ళీ అదే ప్రశ్న, అదే గొంతుతో అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. చదువురానివాళ్ళతో ఇదే గొడవ అనుకున్నాను. చదువు రానిది ఎవరికో తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆయన గొప్పతనం సేద్యంలో మాత్రమే కాదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గట్టు తగాదా వస్తే ఆయన్ని పిలుచుకుపోయేవాళ్ళు. నేనొకసారి వెంట వెళ్ళాను. అన్నదమ్ములిద్దరు, మధ్యలో గట్టు ఎవరో దున్నేశారు. ఇద్దరి చేతుల్లోనూ కట్టెలున్నాయి. ఈయన చెప్పులు విడిచి, ఆ కొస నుంచి ఈ కొసకు మూడుసార్లు నడిచాడు. రెండుచోట్ల వేలితో తవ్వి, గరిక వేళ్ళు తీసి, విరిచి చూశాడు. దున్నిన మన్ను వేరు, తరాలుగా మనుషులు నడిచిన మన్ను వేరట. చివరికి ఒకచోట మడమతో గీత గీసి "గట్టు ఈడుండె" అన్నాడు. అంతే. ఇద్దరూ కట్టెలు కింద పెట్టారు. ఓడిపోయిన తమ్ముడే ఆయనకు మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. దీనికి ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. "ఈయప్ప అబద్ధం చెప్పడు" అన్న ఒక్క మాటే ఆయన ఆస్తి.

ఆ ఆస్తిని నేను పోగొట్టాను.

విత్తిన పదిహేను రోజులకు ఒక వాన పడింది, మళ్ళీ మొహం చూపించలేదు. మొదట్లో కుడి చేను చూడముచ్చటగా ఉండేది. నల్లటి పచ్చదనంతో మోకాలెత్తు లేచింది. దావన పోయే బండ్లవాళ్ళు ఆగి చూసేవాళ్ళు, నేను మీసం దువ్వుకునేవాణ్ణి. ఎడమ చేను పలచగా, ఎక్కడి మొక్క అక్కడే ఉన్నట్టుండేది. ఆయన మాత్రం వాన లేకపోయినా వారానికోసారి సాళ్ళ మధ్య ఎద్దులతో దంతె తోలి, నెర్రెలు పూడ్చేవాడు. కలుపు లేని చోట దంతె ఎందుకని వెటకారమాడాను. నెర్రె తెరుచుకుంటే లోపలి తడి దావ పట్టి పోతుందన్నాడు. కుడి చేలో కూడా తోలతానన్నాడు. మా కాగితంలో అన్నిసార్లు లేదు, వద్దన్నాను. అంత దగ్గర సాళ్ళలో దంతె పట్టేది కూడా కాదు.

కంకి పట్టే వేళకు కుడి చేను ఎండిపోయింది. ఆకులు చుట్టుకుపోయి, పుల్లలు నిలబడ్డాయి. నెర్రెల్లో నా చెయ్యి మోచేతిదాకా దిగేది. ఎడమ చేలో కంకులు చిన్నవే గాని గింజ పట్టాయి. కుసుమ ముళ్ళతో పచ్చగా నిలబడి ఉంది. అప్పుడే కడప నుంచి పెద్ద అధికారి వస్తున్నాడని ఉత్తరం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులను పోగుచేయమన్నారు, రెండు చేలకూ బోర్డులు పెట్టమన్నారు. ప్రొద్దుటూరులో బోర్డులు రాయించుకొచ్చాను. ఒకదాని మీద "శాఖ పద్ధతి". ఒకదాని మీద "రైతు పద్ధతి".

ముందు రోజు సాయంత్రం సరిగానే పాతాను. నిజం. మర్నాడు తెల్లారగానే వెళ్ళి రెండూ పీకి, అటుది ఇటు, ఇటుది అటు పాతాను. పది నిమిషాల పని.

తలెత్తేసరికి ఆయన గట్టు మీద ఉన్నాడు. చంకలో నీళ్ళ ముంత. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు. ఎండిన చేను ముందున్న "రైతు పద్ధతి" వైపు చూశాడు. ఆయనకు అక్షరాలు రావు. కానీ నిన్న ఎక్కడున్న బోర్డు ఇవ్వాళ ఎక్కడుందో తెలియడానికి అక్షరాలు అక్కర్లేదు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ముంత కింద పెట్టి వచ్చి, బోర్డును రెండు చేతులా పట్టుకుని నిటారుగా చేసి, మొదట్లో మన్ను కాలితో అదిమాడు.

"వంకరగ పాతినావప్పా. గాలికి పడ్తాది" అన్నాడు.

ముంత తీసుకుని చేలోకి దిగాడు.

అధికారి జీపు వచ్చింది, లారీలో రైతులు వచ్చారు. ఎడమ చేను చూసి అధికారి ముచ్చటపడ్డాడు. కుసుమ సాళ్ళు ఎందుకు, సాళ్ళు ఎడమెందుకు, ఇంత కరువులో తడి ఎట్లా నిలిచింది అని అడిగాడు. నేను చెప్పాను. పెద్దాయన నోటి మాటలే ఇంగ్లీషులో చెప్పాను. మంద సంగతి, దంతె సంగతి, నెర్రెల సంగతి, అన్నీ నావిగా చెప్పాను. గొంతు కూడా తడబడలేదు. అంత బాగా చెప్పగలనని నాకే తెలియదు. సొంత బుద్ధి ఉన్న కుర్రాడు అని అధికారి నా వీపు తట్టాడు. అప్పుడు కుడి వైపు తిరిగి, అందరి ముందూ ఆయన్ని అడిగాడు, పెద్దాయనా ఇది నీ పద్ధతేనా అని.

గుంపులో ఆ ఊరివాడొకడు, ఏంది మామా అంటూ ఏదో చెప్పబోయాడు. ఆయన వాడివంక ఒక్క చూపు చూశాడు. వాడు ఆగిపోయాడు. ఆయన తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, ఆ పుల్లలను కొస నుంచి కొసకు చూశాడు. నావైపు మాత్రం చూడలేదు.

"అవును సామీ. ఈ చేను నాదే" అన్నాడు.

నెల తిరక్కుండా నా ఉద్యోగం ఖాయమైంది.

ఇక్కడితో అయిపోయినా సగం సిగ్గుతో బతికేవాణ్ణి. కానీ నాకు మంచివాణ్ణని అనిపించుకోవాలనే జబ్బు కూడా ఉంది. కాగితం అందిన వారం, ఏదో ఒకటి చేయాలనిపించి, సీమ ఎరువు రెండు మూటలు బండికెత్తించి పట్టపగలు ఆయన ఇంటికి పంపాను. బండి ఊళ్ళో నడివీధిన పోయింది. ఊరంతా చూసింది. ఎడమ చేను ఎవరి సేద్యమో ఆ ఊరివాళ్ళకు తెలుసు. ఆయన అబద్ధమెందుకు చెప్పాడో ఒక్కటే అంతుపట్టక గుంజాటన పడుతున్నారు. మూటలు ఇంటి ముందు దిగేసరికి వాళ్ళకు అర్థమైపోయింది. రెండు మూటల ఎరువుకు చేను మార్చుకున్నాడని అనుకున్నారు. ఆ మాట వాళ్ళ నోట పెట్టింది నేనే. అబద్ధంతో కొంత పోయింది, దయతో మిగిలింది పోయింది.

తర్వాత వేసవిలో వెళితే, మళ్ళీ ఒక గట్టు తగాదా నడుస్తోంది. సర్వేయరు గొలుసు పట్టుకుని జమ్మలమడుగు నుంచి వచ్చాడు. ఆ గుంపంతా ఆయన చేను పక్కనుంచే పోయింది. ఆయన మందను జరిపిస్తున్నాడు. గుంపును చూసి చేతికర్ర వదిలి, దావ పక్కకు వచ్చి నిలబడ్డాడు. పిలుస్తారనుకున్నాడు కాబోలు. పిలవలేదు. గుంపులో ఎవరో అన్న మాట నాకూ వినబడింది, ఆయనకూ వినబడింది.

"సొంత చేను యాదో చెప్పల్యాకపాయ, ఊరోళ్ళ గట్లు ఏం చెప్తాడు?"

ఆయన చేతికర్ర వెతుక్కుని మళ్ళీ మంద దగ్గరికి వెళ్ళాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పితే చాలు, ఒక్క వాక్యం. ఉద్యోగం ఖాయమయ్యాక కూడా విప్పలేదు. ఆ సాయంత్రం ఆయన చేతులు పట్టుకుని, తప్పు చేశాను పెద్దాయనా, అందరికీ చెప్పేస్తాను అని గొణిగాను. ఆయన చేతులు విడిపించుకుని, ఇంటికాడ నీ పెండ్లాం ఒక్కతే ఉంది, పోప్పా, పొద్దుపోతాంది అన్నాడు. వద్దని అనలేదు. చెప్పమనీ అనలేదు. వద్దన్నాడని నేను అర్థం చేసుకున్నాను. నాకు అదే వీలు.

తర్వాత నన్ను పులివెందులకు మార్చారు. అక్కడ ఎర్రనేలల్లో వేరుశనగ ఒక్కటే వేసుకుని వాన ఎగ్గొడితే దిక్కులేకుండా పోతుంటే, మధ్య మధ్య కంది సాళ్ళు వేయించాను, మందలు నిలిపించాను, వాలుకు అడ్డంగా దున్నించాను. వేముల వైపు రైతులు నాకు మంద సారు అని పేరు పెట్టారు. ఎప్పుడు ఎవరు ఎరువు చల్లుతున్నా, మన్నుకేం పెడుతున్నావని అడిగేవాణ్ణి. ఇది యాడ నేర్చుకున్యావు సారూ అని ఒకాయన అడిగితే, చదువులో అన్నాను. ఆ మాట అన్న రోజు అన్నం సయించలేదు. మర్నాడు సయించింది.

జమ్మలమడుగు దావలో బస్సు పోతున్నప్పుడల్లా ఆ చేను కనబడని వైపు కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి. పదేళ్ళు అట్లాగే గడిపాను.

టీ అంగడి దగ్గర ఆ మాట విన్న మూడోనాడు వెళ్ళాను. ఆయన్ని చేలోనే పూడ్చారు. ఎడమచేతి వైపు చేలో, దావకు దగ్గరగా. మన్ను ఇంకా కుప్పగానే ఉంది. చెప్పులు గట్టు మీద విడిచి వెళ్ళి నిలబడ్డాను. అరికాలికి ఏమీ తెలియలేదు.

ఇంటికి వెళ్ళాను. అప్పుడు చిన్నవాడుగా, మైదుకూరులో మేనమామ దగ్గర చదువుకుంటుండిన కొడుకు ఇప్పుడు సేద్యం చూసుకుంటున్నాడు. నన్ను ఎరగడు. నేనెవరో చెప్పుకున్నాక ఆ మొహంలో ఒక ముడి పడింది, వెంటనే విప్పేసుకుని మంచం వాల్చాడు. మజ్జిగ తెప్పించాడు. నాన్న సంగతులు అడిగితే చెప్పాడు. చివరి ఏడాది చూపు పోయిందట. అయినా చేలోకి పట్టుకుపోతే చెప్పులు విడిచి, కాలితో తడిమి, ఇంకా వారం ఆగి విత్తండి అనేవాడట. గట్టు చెప్పడానికి మాత్రం ఎవరూ పిలవలేదట, సచ్చేదాకా. అది చెబుతున్నప్పుడు కొడుకు నన్ను చూడలేదు.

తర్వాత లేచి, నన్ను కొట్టంలోకి తీసుకుపోయాడు. ఎద్దుల గాడి వెనక, మూలన, రెండు మూటలున్నాయి. గోనె చివికి రాలిపోయింది. లోపలి ఎరువు పదేళ్ళ తేమకు గట్టిపడి, రెండు బండలై నిలబడి ఉంది. మూట ఆకారం మాత్రం పోలేదు.

"వాడుకోమంటే వాడల్యా, పారేయమంటే పారేయల్యా. వెనక్కి పంపితే ఆ సారుకు మాటొస్తాది అన్యాడు" అన్నాడు. అని, కోపం లేకుండా, తెలుసుకోవాలని మాత్రమే అడిగాడు. "ఈ రెండేనా సార్, ఇంకేమన్నా ఇచ్చినారా మా నాయనకు? చేను మార్చి చెప్పినందుకు."

ఇవి దానికి ఇచ్చినవి కావు బాబూ, మీ నాన్న ఎవరి దగ్గరా ఏమీ తీసుకునే మనిషి కాదు అన్నాను. అతను పెద్దమనిషిలా నవ్వాడు. పోయినవాళ్ళ గురించి అందరూ చెప్పే మంచి మాటే నేనూ చెబుతున్నాననుకున్నాడు.

"మళ్ళ దేనికిచ్చినారు సార్?"

వెనక గుమ్మంలో అతని భార్య నిలబడి ఉంది. పక్కింటివాళ్ళిద్దరు వచ్చి మంచం మీద కూర్చున్నారు. ఆ మాట చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. బస్సుకు వేళయిందన్నాను. ఆ కుర్రాడు దావ దాకా వచ్చి నన్ను బస్సెక్కించాడు.

దేనికిచ్చానో ఇప్పుడు చెబుతున్నాను. నోటితో చెప్పలేనివాణ్ణి గనక రాస్తున్నాను. దీన్ని ముందుగా ఆ ఊరికే పంపుతాను. చదువు వచ్చినవాళ్ళెవరైనా నలుగురి మధ్య కూర్చుని పైకి చదవండి, ఆయన కొడుకు వినేటట్టు చదవండి. ఆ రోజు తెల్లారి బోర్డులు మార్చింది నేను. ఎండిన చేను నాదే అని ఆయన చెప్పింది నా కోసం. ఆ మూటలు నా సిగ్గు కప్పుకోవడానికి పంపినవి, ఆయన అడగలేదు, తాకలేదు.

దావలో నిలబడి చూస్తే, ఎడమచేతి వైపు చేను ఆయనది.